చక్రవర్తి వ్రాసికొన్న పాఠములు

మన పెద్దలు వైరాగ్యమును మూడు తెఱగులుగ చెప్పుదురు. పురాణము వినుచున్నంతసేపు కలుగునది పురాణ వైరాగ్యము. పురిటినొప్పులు పడుచున్నంతసేపు నుండునది ప్రసూతి వైరాగ్యము. చితి మండుచున్నంతసేపు నిలుచునది శ్మశాన వైరాగ్యము. మూడింటికిని సామాన్యలక్షణ మొక్కటే. ఇల్లు చేరులోపల అవి కరగిపోవును. తత్త్వగ్రంథములు చదువువారి అనుభవమును ఇట్టిదే. చదివినంతసేపు సంసారము తృణప్రాయముగ తోచును; పుస్తకము మూసిన గడియకే పాలవాడు నీళ్లు కలిపినాడని కోపము వచ్చును. ఈ కరగిపోవు గుణమును తనలో బాగుగ కనిపెట్టి, దానికి మందు వెదకుచు జీవితమంతయు గడిపిన ఒక మనుష్యుని కథ ఇది. అతడు సన్న్యాసి కాడు. రోమక సామ్రాజ్యమును పందొమ్మిదేండ్లు ఏలిన చక్రవర్తి. అతని పేరు మార్కస్ అరీలియస్.

మార్కస్ క్రీ.శ. 121వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన రోము నగరమున జన్మించెను. అది హేడ్రియన్ చక్రవర్తి కాలము. ఆ శతాబ్దిలో మన ఆంధ్రదేశమును శాతవాహనులు ఏలుచుండిరి. ఓడవ్యాపారము వలన రోమక నాణెములు మన తీరమునకు వచ్చుచుండెను. బాలునికి ఊహ తెలియునప్పటికే తండ్రి గతించెను. మూడుమాఱులు కాన్సల్ పదవి వహించిన తాతగారు అతనిని పెంచిరి. తల్లి డొమీషియా లూసిల్లా రోము చెంత ఇటుకబట్టీలు గల సంపన్నురాలు; ఆమె పేరు ముద్రించిన ఇటుకలు త్రవ్వకములలో లభించినవి. ఇంత కలిమిలో పుట్టిన పిల్లవాడు పండ్రెండవయేట తత్త్వవేత్తలు ధరించు ముతకవస్త్రము కప్పుకొని కటికనేలపై పరుండ నారంభించెను. తల్లి ఎంతయో బతిమాలిన పిమ్మట తోళ్లు పఱచిన మంచమునకు ఒప్పుకొనెనట. దీనిని బాల్యచాపల్యమని నవ్వి విడువవచ్చును. ఆ వయసున వేదాంతి కాగోరని తెలివిగల పిల్లవాడు అరుదు. అయితే ఈ పిల్లవానికి ఆ కోరిక మీసములు వచ్చిన తరువాత కూడ పోలేదు.

ఇతని సత్యసంధతకు ముచ్చటపడి హేడ్రియన్ చక్రవర్తి, వెరస్ అను అతని వంశనామమును వెరిస్సిమస్ అని మార్చి పిలుచుచుండెను. పరమసత్యవంతు డని దాని యర్థము. సంతానము లేని ఆ చక్రవర్తి 138లో, తన చివరి దినములలో, ఒక విచిత్రమైన యేర్పాటు చేసెను. ఆంటొనైనస్ అను సజ్జనుని తాను దత్తత చేసికొనెను. అతడు మార్కసును, లూసియస్ అను మఱియొక బాలుని దత్తత చేసికొనవలెనని నియమము పెట్టెను. పదునాఱేండ్ల బాలునికి ప్రపంచమున నాటి మహాసామ్రాజ్యములలో ఒకటి వారసత్వముగ లభించెను. అతడు సంతోషింపలేదు. తల్లి తోటను విడిచి రాజగృహమునకు పోవలసివచ్చెనని నొచ్చుకొనెనని ప్రాచీన చరిత్రకారులు వ్రాసిరి.

ఆంటొనైనస్ ఇరువది మూడేండ్లు రాజ్యమేలెను. ఆ కాలమంతయు మార్కస్ చదువుచు, పెంపుడు తండ్రి చెంత రాజ్యభారము వహించుట నేర్చుచు గడపెను. అతని గురువుల సంఖ్య పెద్దది. తరువాత అతడు వ్రాసికొన్న పుస్తకములో మొదటి భాగమంతయు ఈ ఋణమును తలచుకొనుటకే వినియోగించెను. అందు పదునేడు ఖండికలు కలవు. ఒక్కొక్కరి పేరు పెట్టి, వారివలన తాను పొందిన దేమో వ్రాసెను. ఉపాధ్యాయు లీ భాగమును తప్పక చదువవలెను. గురువులు బోధించిన శాస్త్రముల ప్రసక్తి అందు మిక్కిలి తక్కువ. వారు నడచుకొన్న తీరును చూచి శిష్యుడు గ్రహించినదియే ఎక్కువ. అలెగ్జాండర్ అను వ్యాకరణ పండితుని ముచ్చట చూడుడు. ఎవరైన అపశబ్దము పలికినప్పుడు ఆ పండితుడు నలుగురిలో తప్పుపట్టెడివాడు కాడు. తాను బదులు చెప్పుచు, ఆ సంభాషణలోనే సరియైన మాటను నేర్పుగ దొరలించెడివాడు. శిష్యునికి తప్పు తెలిసెడిది, సిగ్గు కలిగెడిది కాదు. ఎఱ్ఱసిరా కలముతో కాగితము నిండ గీతలు గీయుట అలవడిన మావంటి తెలుగు పండితులకు ఈ వైయాకరణుని పద్ధతి కొంత కష్టముగనే తోచును. అదే పేరుగల మఱియొక గురువు వలన, తీరిక లేదన్న సాకుతో సాటివారిపట్ల తన విధులను తప్పించుకొనరాదని నేర్చితినని వ్రాసెను. వ్రాసినవాడు ఒక సామ్రాజ్యమును మోయుచున్నవాడని మఱవరాదు.

గురువులలో ఫ్రాంటో అనువాడు అలంకారశాస్త్రమున దిట్ట. శిష్యుడు గొప్ప వక్త కావలెనని అతని యాశ. శిష్యుని మనసు తత్త్వమువైపు మొగ్గుట చూచి ఆయన బాధపడెను. ఈ గురుశిష్యుల ఉత్తరములు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున, వేఱు వ్రాతలక్రింద మరుగుపడిన పాత తోలుపుటలలో బయటపడినవి. అందు రాచఱికపు ఠీవి కానరాదు. ఒకరి ఒంటినొప్పులను మఱియొకరు పరామర్శించు వట్టి కుటుంబస్నేహము కనబడును.

మార్కసును పెంచిన శిక్షకు డొకడు మరణించినప్పుడు జరిగిన సంగతి తెలిసికొనదగినది. యువరాజు బిగ్గరగ విలపించెను. ఇంత చదివినవాడు, రేపు చక్రవర్తి కాగలవాడు, ఇట్లేడ్చుట తగదని కొలువువారు వారింపబోయిరి. ఆంటొనైనస్ వారిని వారించెను. అతనిని మనుష్యునిగ ఉండనిండని, తత్త్వము గాని అధికారము గాని హృదయధర్మమును తుడిచివేయజాలవని ఆయన భావము. తత్త్వమనగా రాయియైపోవుట యని తలచువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. చదువులేని తండ్రి కాదు గాని, తత్త్వవేత్త యను పేరులేని తండ్రి, ఆ దినమున కుమారునికి చెప్పిన పాఠము ఏ పాఠశాలలోను దొరకునది కాదు.

మార్కస్ జీవితమును మలుపు త్రిప్పినవాడు రస్టికస్ అను గురువు. ఆయన తన సొంత గ్రంథములనుండి ఎపిక్టెటస్ బోధలు గల ప్రతిని తెచ్చి శిష్యునికిచ్చెను. ఎపిక్టెటస్ బానిసగ జీవితము గడపి విముక్తి పొందినవాడు, కుంటివాడు. తాను ఒక్క గ్రంథమును వ్రాయలేదు. అతని మాటలను అరియన్ అను శిష్యుడు వ్రాసిపెట్టెను. బానిస మాటలు చక్రవర్తికి గురూపదేశమైనవి. ఆ యుపదేశమును స్థూలముగ ఇట్లు చెప్పవచ్చును. లోకమున కొన్ని మన చేతిలోనివి, కొన్ని కావు. మన తలపు, మన కోరిక, మన ప్రయత్నము మనవి. దేహము, ధనము, కీర్తి, ఇతరుల మనసు మనవి కావు. కానివానికై ప్రాకులాడక, ఐనవానిని చక్కదిద్దుకొనుటయే వివేకము. ఇది స్టోయిక్కుల సిద్ధాంతము. మన పాఠకులకు గీతలోని స్థితప్రజ్ఞ లక్షణములు స్ఫురించుట సహజమే. పోలిక కలదు, భేదమును కలదు. స్టోయిక్కు మోక్షమును కోరడు. ఈ లోకమున, ఈ ఊరిలో, తనకు అప్పగించిన పని చెడకుండ చేయుటయే అతని గమ్యము. అందువలననే ఆ మతము అంగడిలోను, న్యాయస్థానములోను, దండులోను పనికివచ్చెను. నేల విడిచి సాము చేయుట అందు లేదు.

161 మార్చిలో ఆంటొనైనస్ మరణించెను. సెనేటు మార్కసునకే పట్టము కట్టబోగా, లూసియస్ కూడ చక్రవర్తి కావలెనని అతడు పట్టుపట్టెను. రోము చరిత్రలో ఇద్దరు సమానాధికారముతో ఏలుట అదియే మొదలు. తరువాత కష్టములు ఒకదానివెంట నొకటి వచ్చెను. టైబరు నది పొంగి నగరమును ముంచెను, క్షామము వచ్చెను, తూర్పున పార్థియనులు దండెత్తిరి. 166 నాటికి ఆ యుద్ధము గెలిచి సేనలు తిరిగివచ్చెను గాని, వానితో మహామారియు వచ్చెను. గాలెన్ అను వైద్యుడు వ్రాసిన లక్షణములను బట్టి అది మశూచి కావచ్చునని నేటి పండితుల యూహ. ఏండ్ల తరబడి అది సామ్రాజ్యమును పీడించెను. అదే సమయమున ఉత్తరమున డాన్యూబు నది దాటి మార్కొమన్నులు, క్వాడులు మొదలగు జాతులవారు విరుచుకొనిపడిరి. బొక్కసమున ధనము లేదు. క్రొత్త పన్నులు వేయుటకు మాఱుగ మార్కస్ రాజభవనములోని బంగారు పాత్రలను, రత్నములను, రాణిగారి పట్టుబట్టలను ట్రేజన్ ఫోరమున రెండు నెలలపాటు వేలము వేయించెను. యుద్ధానంతరము కొన్నవారిలో ఇష్టపడినవారికి సొమ్ము తిరిగి యిచ్చి వస్తువులు తీసికొనెను, ఇష్టపడనివారిని నిర్బంధింపలేదు.

ఇవి పెద్దకష్టములు. పెద్దకష్టములయందు ధైర్యము చూపుట కొందఱికి సులభమే; చూచువారు ఉందురు గదా. దినదినమును ఎదురగు చిన్న చికాకులలో మార్కస్ ఎట్లుండెననుటయే మనకు ముఖ్యము. అతడు ఏడాదికి 230 దినములు న్యాయస్థానములు నడచునట్లు చేసెను; తానే కూర్చుండి వ్యాజ్యములు ఓపికతో వినెడివాడు. తాళ్లపై ఆడు దొమ్మరి బాలుడు పడిపోగా, ఇకమీదట తాళ్లక్రింద పఱుపులు వేయవలెనని ఉత్తరువు చేసెను. మల్లులకు మొద్దు కత్తులు ఇప్పించెను. జనులు వెఱ్ఱిగ కేకలువేయు ఆటలపందెములయొద్ద కూర్చుండి కాగితములు చదువుచు చేవ్రాళ్లు చేయుచుండగా జనులు అతనిని ఎగతాళి చేసెడివారట. శరీరము బలహీనము, ఱొమ్మునొప్పి, అజీర్ణము, నిద్రలేమి. వైద్యులు ఇచ్చిన మందు దినమును పుచ్చుకొనెడివాడు.

168లో ఇద్దరు చక్రవర్తులును ఉత్తరదేశమునకు బయలుదేరిరి. 169 ఆరంభమున లూసియస్ త్రోవలోనే మరణించెను. ఆ యేడే మార్కస్ కుమారుడు, ఏడేండ్లవాడు, చెవిక్రింద కంతికి శస్త్రచికిత్స చేయగా ప్రాణము విడిచెను. తండ్రి అయిదు దినములే సంతాపము పాటించి, భయపడుచున్న వైద్యులను తానే ఓదార్చి, మరల యుద్ధరంగమునకు పోయెను. భార్య ఫాస్టీనా వలన అతనికి కలిగిన సంతానము పదుముగ్గురికి తక్కువ కాదు. తండ్రి కన్నుమూయునాటికి మిగిలిన మగబిడ్డడు ఒక్కడే. ఆ కాలమున శిశుమరణములు సామాన్యమే యనవచ్చును. చచ్చిన బిడ్డ తలిదండ్రులకు ఏ కాలమునను సామాన్యము కాదు.

ఈ దండయాత్రలలోనే పుస్తకము పుట్టెను. ఒక భాగము క్వాడుల దేశమున గ్రాన్ నదీతీరమున వ్రాసినట్లు, మఱియొక భాగము కార్నంటమున వ్రాసినట్లు అందే కలదు. గ్రాన్ నది నేటి స్లొవేకియాలోనిది. కార్నంటము నేటి వియన్నాకు తూర్పున నుండెను. మాతృభాష లాటిను కాగా గ్రీకున వ్రాసెను. నాటి తత్త్వభాష అది. లోకమునకు చూపవలెనని వ్రాయలేదు. అందుచే పేరు లేదు, పీఠిక లేదు, క్రమము లేదు. ఎక్కడ చూచినను నీవు, నీవు అని తన్ను తాను నిలదీయుటయే. తెల్లవాఱుజామున పడక విడుచుటకు బద్ధకించువానిని లేపుట కలదు. ఈ చక్రవర్తికి ప్రొద్దున లేచుట కష్టముగ నుండెనన్నమాట. ఈ దినమున కృతఘ్నులు, అసూయాపరులు, వదరుబోతులు తనకు తప్పక తగులుదురని ప్రొద్దుననే తలచుకొని సిద్ధపడుట కలదు. ఒళ్లు కంపుకొట్టు మనుష్యునిపై కోపించుటలో అర్థమేమని విచారించుట కలదు. తాను కట్టిన రాజవస్త్రము నత్తనెత్తురున ముంచిన గొఱ్ఱెబొచ్చేయని జ్ఞాపకము చేసికొనుట కలదు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు జబ్బు ఉన్నదన్నంతవఱకే చూడుము, లేని అపాయమును కల్పించుకొనకుము అని తన్ను తాను హెచ్చరించుకొనుట కలదు.

పుస్తకము చదివిన విద్యార్థులు కొందఱు ఇందు చెప్పినదే చెప్పినాడని విసుగుకొందురు. నిజమే. మరణము, కీర్తి, కోపము పండ్రెండు భాగములలోను మరల మరల వచ్చును. నా మట్టుకు ఆ పునరుక్తియే ఈ పుస్తకపు ప్రాణము. కోపమును గెలిచినవాడు దానిని గూర్చి ఒకమాఱు వ్రాసి ఊరకుండును. పదునొకండవ భాగమున మార్కస్ కోపమునకు విరుగుడుగ పది యంశములు లెక్కపెట్టి కూర్చుకొనెను. ఇష్టగురువగు రస్టికసుపైననే తనకు పలుమాఱులు కోపము వచ్చెననియు, చేయి మీఱనందుకు దేవతలకు కృతజ్ఞుడననియు మొదటి భాగమున ఒప్పుకొనెను. అనగా నిన్న వ్రాసినది నేడు కరగిపోయినది. నేడు మరల వ్రాయవలసివచ్చినది. బాలుడు పలకపై దిద్దినట్లు ఏబది దాటిన చక్రవర్తి గుడారమున దీపముకడ అవే అక్షరములు దిద్దుచుండెను. శ్మశాన వైరాగ్యమునకు అతడు కనిపెట్టిన మందు ఇదియే. యుద్ధవర్ణన ఆ పుస్తకమున లేదు. తెగిపడిన చేయి, కాలు, తల ఒకచోట ప్రసక్తికి వచ్చును. అదియు, సంఘమునుండి తన్ను తాను వేఱుచేసికొనువాడు అట్టివాడని చెప్పుటకే.

175లో పరీక్ష మఱియొక రూపమున వచ్చెను. చక్రవర్తి మరణించెనను వదంతి నమ్మి, సిరియా పాలకుడగు అవిడియస్ కాసియస్ తానే చక్రవర్తినని ప్రకటించుకొనెను. వదంతి అబద్ధమని తేలినను వెనుకకు తగ్గలేదు. మార్కస్ సేనను నడిపింప సిద్ధపడుచుండగనే, మూడు నెలలు దాటీదాటకముందే, కాసియసును అతని మనుష్యులే చంపి తల తెచ్చిరి. మార్కస్ దానిని చూడ నొల్లక పూడ్పించెను. ద్రోహి వంశమువారిపై పగ సాధింపలేదు. ద్రోహులతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిన వారి పేర్లు బయటపడకుండ ఆ కాగితములు చదువకయే కాల్చివేయబడెననియు చెప్పుదురు. క్షమను గూర్చి వ్రాసికొన్న వ్రాత ఇచ్చట క్రియగ మారెను. ఆ ప్రయాణముననే టారస్ పర్వతపాదమున ఫాస్టీనా మరణించెను. ఆమె శీలమును గూర్చి రోమున అపవాదులు పుట్టియుండెను. భర్త వ్రాతలో ఆమె విధేయత, ప్రేమ, నిరాడంబరత తప్ప వేఱుమాట లేదు. 176లో తిరుగుప్రయాణమున ఏథెన్సునందు ఆగి, ప్లేటో, అరిస్టాటిల్, ఎపిక్యూరస్, స్టోయిక్కుల మతములను బోధించుటకు రాజ్యవేతనముతో ఆచార్యపీఠములు నెలకొల్పెను. ఎపిక్యూరస్ మతము స్టోయిక్కులకు ప్రత్యర్థి. ప్రత్యర్థికిని జీతమిచ్చి పాఠము చెప్పించిన విద్యాపోషకులు చరిత్రలో ఎందఱున్నారు?

ఇంతటితో ఆపినచో ఇది స్తోత్రపాఠమగును. మార్కస్ తత్త్వము చేరని మూలలును కలవు. 165 ప్రాంతమున జస్టిన్ అను క్రైస్తవ తత్త్వవేత్తకు రోమున మరణశిక్ష విధించిన అధికారి, ఎపిక్టెటసును శిష్యునికిచ్చిన ఆ రస్టికసే. 177లో గాల్ దేశపు లయన్సు నగరమున క్రైస్తవులను ఘోరముగ హింసించి చంపిరి, చక్రవర్తి వారింపలేదు. సర్వమానవులును ఒకే నగరమునకు పౌరులని నిత్యము వ్రాసికొన్నవానికి ఈ జనులు ఆ నగరములోనివారుగ కనబడలేదు. బానిసయైన గురువునకు మనసున మ్రొక్కినవాడు బానిసత్వమును ముట్టలేదు. తీర్పులలో కొంత కనికరము చూపెను, అంతే. కుమారుడు కొమ్మొడసును 177లో సహచక్రవర్తిని చేసెను. అంతకుముందు నలుగురు చక్రవర్తులు యోగ్యులను దత్తత చేసికొని రాజ్యమిచ్చిరి. వారికి బ్రదికియున్న కొడుకులు లేకపోవుట అందుకు కారణము. మార్కసునకు కొడుకుండెను. కొడుకును కాదని మఱియొకనికి పట్టము కట్టినచో అంతఃకలహము తప్పదని అతడు తలచియుండవచ్చును. కాని పండ్రెండు భాగములలో తన కోపమును, బద్ధకమును, కీర్తికాంక్షను తూచి చూచుకొన్న ఆ పరీక్షకుడు కొడుకు యోగ్యతను మాత్రము తూచినట్లు కానరాదు. తండ్రి అయినవానికి ఆ తక్కెడ పట్టుట ఎంత కష్టమో మన పాఠశాలలలోని తండ్రులను చూచినను తెలియును.

178లో మరల డాన్యూబు తీరమునకు పోయెను. 180 మార్చిలో అక్కడనే జబ్బుపడెను. అన్నపానములు మానెను. అంటు సోకునేమో యని కొడుకును త్వరగ పంపివేసెను. ఆనాటి దండు సంకేతపదము అడుగవచ్చిన అధికారిని, ఉదయించు సూర్యునికడకు పొమ్మని, తాను అస్తమించుచున్నానని చెప్పి పంపెనట. మార్చి 17వ తేదీన మరణించెను. వయసు ఏబది యెనిమిది. కొమ్మొడస్ పండ్రెండేండ్లు ఏలి, చక్రవర్తియైయుండియు మల్లరంగమున దిగి కత్తిసాము చేసి, 192లో గొంతు నులుమబడి చచ్చెను.

రోమునగరమున మార్కస్ యుద్ధములను చుట్టును చెక్కిన రాతిస్తంభము నేటికిని నిలిచియున్నది. పుస్తకము కథ వేఱు. పదవ శతాబ్ది నాటికి అరెథస్ అను బిషప్పుకడ ఒక శిథిలప్రతి యుండెను; ఆయన దానికి క్రొత్తగ నకలు వ్రాయించెను. 1559లో జూరిచ్ నగరమున తొలిసారి అచ్చుపడెను. అచ్చుకు ఆధారమైన వ్రాతప్రతి తరువాత పోయెను. సమగ్రముగ మిగిలిన ప్రతి వాటికన్ గ్రంథాలయమున నున్నది. నేడు అది పలుభాషలలోనికి వచ్చినది. చక్రవర్తి పుస్తకమని తెఱచినవారికి మొదటి పంక్తిలో విజయము గాని, బిరుదు గాని కానరాదు. తండ్రిలేని బిడ్డను పెంచిన తాతగారి పేరును, ఆయన శాంతస్వభావమును మాత్రమే అక్కడ కలవు.